ఎమ్మెల్యే జీవితం ఎలా ఉంటుంది? ఇరవై రెండేళ్లు పి.ఎ.గా పక్కనుండి చూసినవాడి జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "నాకు 27 ఏళ్లు. లా చదివాను. మా నాన్న ఒకసారి వార్డు మెంబరుగా చేశారు. నాకు రాజకీయాల్లోకి వెళ్లాలని ఉంది. అసలు ఎమ్మెల్యే రోజంతా ఏం చేస్తారు? ఎలా ఎదుగుతారు? ఓడిపోతే ఏమవుతుంది? డబ్బు లేనివాడికి ఇది సాధ్యమేనా?"

నేను ఒక ఎమ్మెల్యే దగ్గర ఇరవై రెండేళ్లు పి.ఎ.గా పనిచేశాను. ఉమ్మడి రాష్ట్రంలో మొదలుపెట్టి తెలంగాణ వచ్చాక కూడా ఆయనతోనే ఉన్నాను. ఆయన మూడుసార్లు గెలిచారు. మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి ఓడిపోయారు. మంత్రి పదవి రాలేదు. ఆయన పేరు గానీ నియోజకవర్గం పేరు గానీ రాయను, మా సార్ అనే రాస్తాను. మంత్రులైనవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. మంత్రి కాని ఎమ్మెల్యే రోజులు ఎలా గడుస్తాయో రాసేవాళ్లు తక్కువ. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు పొద్దుటి సంగతి. మా సార్ ఇల్లే క్యాంపు ఆఫీసు. ఆరు కొట్టేసరికి వరండాలో ముప్ఫై, నలభై మంది ఉండేవాళ్లు. దూరపు ఊళ్లవాళ్లు తెల్లవారుజామున మొదటి బస్సెక్కి వచ్చేవాళ్లు. ఆ బస్సు మళ్లీ వెనక్కి వెళ్లేలోపు పని చూసుకోవాలని వాళ్ల ఆరాటం. చేతిలో అర్జీ ఉండేది. ఎక్కువగా అది లాంగ్ నోట్‌బుక్‌లోంచి చింపిన కాగితం, ఊళ్లో చదువుకున్న పిల్లవాడితో రాయించుకున్నది. నాలుగు మడతలు పెట్టి కొంగుకో మొలకో కట్టుకుని వస్తారు కాబట్టి చెమటకు అక్షరాలు అలికిపోయేవి. ఒక మూలన ఫోన్ నంబరు. అదీ వాళ్లది కాదు, ఊళ్లో కిరాణా కొట్టుది.

ఆ అర్జీల్లో సగానికి పైగా ఏముంటాయో నేను చూడకుండానే చెప్పగలిగేవాణ్ని. పెన్షన్ రాలేదు. ఆసుపత్రి బిల్లు కట్టలేకపోతున్నాం, ముఖ్యమంత్రి సహాయనిధికి రాయండి. మా అబ్బాయిని స్టేషన్‌లో కూర్చోబెట్టారు, ఎస్సై గారికి ఒక్క ఫోన్ చేయండి. భార్య ఒక జిల్లా, నేను ఒక జిల్లా, బదిలీకి లెటర్ ఇవ్వండి. హాస్టల్ సీటు. తిరుమల దర్శనం లెటర్. ఇవేవీ రాజ్యాంగంలో ఎమ్మెల్యే పనులుగా రాసి లేవు. కానీ ఇంటి ముందుకు వచ్చిన మనిషికి రాజ్యాంగం చదివి వినిపించలేం కదా. రెండు లక్షలు దాటిన ఓటర్లలో ప్రతి ఒక్కరికీ ఆఫీసు అంటే భయం. ఎమ్మెల్యే అంటే మాత్రం చనువు. "మనం ఓటేసినం, మనోడు" అన్న చనువుతో వస్తారు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చేరిన మొదటి ఏడాది ఒకామె వితంతు పెన్షన్ కోసం అర్జీ ఇచ్చింది. ఆ రోజు రద్దీలో నేను దాన్ని బదిలీల ఫైలులో పెట్టేశాను. నాలుగు నెలలు అది అక్కడే ఉండిపోయింది. ఆమె మళ్లీ వచ్చింది. తిట్టలేదు, అడగలేదు. "అప్పుడిచ్చింది పోయినట్టుంది సారూ, మళ్లీ రాయించుకొచ్చిన" అంది. సార్ విన్నారు. పాత అర్జీ వెతికించి, నాలుగు నెలల కిందటి తేదీతో సహా అందరి ముందూ నాతో గట్టిగా చదివించారు. తర్వాత ఆమెతో పాటు నన్ను బస్సులో మండలాఫీసుకు పంపారు. కారులో కాదు, బస్సులోనే. దారంతా ఆమె నాతో మాట్లాడుతూనే ఉంది, నేను మాత్రం తలెత్తలేకపోయాను.

ఆ సాయంత్రమే ఒక పెద్ద రిజిస్టరు కొన్నాను. నంబరు, తేదీ, ఊరు, పని, ఏ ఆఫీసుకు పంపాం, జవాబు ఎప్పుడొచ్చింది. అంతే, ఆరు గడులు. ఇరవై రెండేళ్లలో అలాంటివి పదమూడు రిజిస్టర్లు నిండాయి. మీరు ఎప్పుడైనా ఎవరి దగ్గరైనా రాజకీయం నేర్చుకోవడానికి చేరితే, ముందు ఆయన ఆఫీసులో అలాంటి రిజిస్టరు ఉందో లేదో చూడండి.

ఎందుకంటే ఎమ్మెల్యే అసలు పని ఆ రిజిస్టరులోంచే పుడుతుంది. విడిగా చూస్తే ప్రతి అర్జీ ఒక మనిషి కష్టం. నెలాఖరున వరసగా చదివితే అదే అర్జీ ఇంకో రూపంలో కనబడుతుంది. మాకు ఒక ఏడాది వర్షాకాలంలో ఒకే వాగు గురించి పదకొండు అర్జీలు వచ్చాయి. ఒకటి బడి మాస్టారిది, వాగు పొంగితే పిల్లలు రాలేకపోతున్నారని. ఒకటి పాలు పోసేవాళ్లది. ఒకటి, నిండు గర్భిణిని మంచం మీద మోసుకుంటూ వాగు దాటించిన కుటుంబానిది. ఆ వాగు మీద ఉన్నది పాత చప్టా. నీళ్లు మోకాళ్ల పైకి వస్తే అవతల మూడు ఊళ్లు తెగిపోతాయి. పదకొండు కాగితాలూ నేను పదకొండు ఆఫీసులకు పంపేవాణ్ని. సార్ ఆపి, "ఇవన్నీ కలిపి ఒక్క ప్రశ్న" అన్నారు.

ప్రశ్న అంటే శాసనసభలో వేసే ప్రశ్న. బయటివాళ్లకు అసెంబ్లీ అంటే టీవీలో కనిపించే గొడవే. సభ మొదలవగానే ప్రశ్నోత్తరాల సమయం ఉంటుంది. నక్షత్ర గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబిస్తే సరిపోతుంది. ప్రశ్న ముందుగానే రాసి ఇవ్వాలి. ఏ ప్రశ్న ఏ రోజు వస్తుందో, అసలు వస్తుందో రాదో మన చేతిలో ఉండదు. మా వాగు ప్రశ్న మొదటి సమావేశాల్లో రాలేదు. రెండోసారి వచ్చింది కానీ సభ వాయిదా పడింది. మూడోసారి దొరికింది.

సభలో జవాబులు రాసే పద్ధతి ఒకటుంది. "(ఎ) ఫలానా వాగుపై వంతెన నిర్మించే ప్రతిపాదన ఏదైనా ప్రభుత్వం వద్ద ఉందా?" అంటే "లేదండీ." "(బి) ఉంటే ఎప్పటిలోగా పూర్తి చేస్తారు?" అంటే "ప్రశ్న ఉత్పన్నం కాదు." ఈ రెండు ముక్కల దగ్గరే చాలామంది సభ్యులు కూర్చుండిపోతారు. మా సార్ చేతిలో మాత్రం ఒక కాగితం ఉంది. డివిజన్ ఇంజనీరు ఆఫీసులో రెండేళ్ల కిందట తయారైన ఎస్టిమేట్ నంబరు, తేదీ అందులో ఉన్నాయి. దానికోసం నేను ఆ ఆఫీసు చుట్టూ నెల రోజులు తిరిగాను. సార్ లేచి, ఎస్టిమేట్ ఫలానా తేదీన పంపామని కింది ఆఫీసు చెబుతోంది, ప్రతిపాదనే లేదని మంత్రిగారు చెబుతున్నారు, రెంటిలో ఏది నిజం అని అడిగారు. గొంతు పెంచలేదు. మంత్రిగారు పక్కకు చూసి, అధికారుల గ్యాలరీ నుంచి చీటీ వచ్చాక, "తెప్పించుకుని ఈ ఆర్థిక సంవత్సరంలో పరిశీలిస్తాం" అన్నారు.

ఆ "పరిశీలిస్తాం" అన్న మాట చాలా విలువైనది. సభలో మంత్రి ఇచ్చిన హామీ గాలికి పోదు. హామీల కమిటీ అని శాసనసభకు ఒక కమిటీ ఉంది. మంత్రులు సభలో ఇచ్చిన మాటలు ఏరి, అవి అమలయ్యాయా లేదా అని శాఖలను అడిగేది అదే. ప్రజా పద్దుల కమిటీ పేరు పత్రికల్లో వస్తుంది కాబట్టి అందరికీ తెలుసు. హామీల కమిటీ, అంచనాల కమిటీ, అర్జీల కమిటీ గురించి ఎమ్మెల్యేలలోనే చాలామంది పట్టించుకోరు. మీరు లా చదివారు కాబట్టి చెబుతున్నాను, టీవీ కెమెరా లేని ఆ గదుల్లోనే ఎక్కువ పని జరుగుతుంది. అధికారులు అక్కడ ఫైలు తెచ్చి ముందు పెట్టక తప్పదు. మా వంతెనకు పరిపాలనా అనుమతి ఆ దారిలోనే వచ్చింది. ఆ వంతెన సంగతి మళ్లీ చెబుతాను.

బడ్జెట్ పుస్తకాలు ఇంకో లోకం. సమావేశాలప్పుడు సభ్యులందరికీ కట్టలుకట్టలుగా ఇస్తారు. ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో వాటిని తాడు కూడా విప్పకుండా అటక మీద పడేసినవి నా కళ్లతో చూశాను. శాఖల పద్దుల మీద చర్చకు వచ్చేసరికి టైం అయిపోతుంది. మిగిలిన పద్దులన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్నే గిలటిన్ అంటారు. వేల కోట్ల రూపాయలు అలా నిమిషాల్లో పాసవుతాయి. ఏడాదిలో సభ నెల రోజులు కూడా నిండని సందర్భాలున్నాయి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఎడం ఉండకూడదని రాజ్యాంగం చెబుతుంది. ఎన్ని రోజులు నడపాలో చెప్పదు. నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇది.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు పుచ్చలపల్లి సుందరయ్య గారు గుర్తొస్తారు. నేను కమ్యూనిస్టును కాను, ఆ పార్టీలో ఎప్పుడూ లేను. అయినా శాసనసభ్యుడు ఎలా ఉండాలి అని ఎవరడిగినా ముందు ఆయన జీవితం చదవమనే చెబుతాను. 1913లో నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న ఇంట్లో పుట్టారు. పేరు చివరి కులం తోకను తీసేసుకున్నారు. మద్రాసులో కాలేజీ చదువు మధ్యలో వదిలి 1930 ఉప్పు సత్యాగ్రహంలోకి దూకి జైలుకెళ్లారు. తిరిగొచ్చి సొంత ఊళ్లో వ్యవసాయ కూలీల సంఘం పెట్టారు. 1952లో రాజ్యసభకు వెళ్లారు, అక్కడ కమ్యూనిస్టు పక్షానికి నాయకుడు. పార్లమెంటుకు సైకిల్ మీద వెళ్లేవారన్న మాట మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు. 1955లో గన్నవరం నుంచి శాసనసభకు వచ్చారు. ఆ ఎన్నికలో అధికారం మాదేనని కమ్యూనిస్టులు గట్టిగా నమ్మారు. తీరా 196 స్థానాల్లో 15 వచ్చాయి. అంత దెబ్బ తగిలాక కూడా ఆయన 1967 దాకా ఆ సభలోనే కూర్చుని పనిచేశారు. మళ్లీ 1978లో, 64 ఏళ్ల వయసులో, అదే గన్నవరం నుంచి గెలిచి 1983 దాకా ఉన్నారు.

ఆయన గురించి సైకిల్ కథే అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకన్నా పెద్దదిగా అనిపించేది ఆయన చదువు. కృష్ణా, గోదావరి, పెన్నా నీళ్ల లెక్కలు, ఏ ఆనకట్ట కింద ఎన్ని ఎకరాలు, భూసంస్కరణల్లో ఎంత భూమి తేలింది, ఇవన్నీ అంకెలతో మాట్లాడేవారు. ఆయన పోగుచేసుకున్న పుస్తకాలతోనే హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో 1988లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం వెలిసింది. నేను సెలవు రోజుల్లో అక్కడికి వెళ్లేవాణ్ని. ఒక రాజకీయ నాయకుడు చనిపోయాక ఇంట్లో మిగిలింది పుస్తకాలు కావడం అక్కడే చూశాను. ఆయన, ఆయన భార్య లీల గారు పిల్లలు వద్దనుకుని ప్రజాజీవితానికే ఉండిపోయారు. అందరూ అలా ఉండాలని నేను అనను, ఉండలేరు కూడా. కానీ సభకు వెళ్లే ముందు రాత్రి కాగితాలు చదువుకోవడం ఎవరికైనా చేతనైన పనే.

మీరు "ఎలా ఎదుగుతారు" అని అడిగారు. దీనికి నేను చెప్పే మనిషి జె. ఈశ్వరీబాయి గారు. ఆమె పేరు ఇప్పటి పిల్లలకు అంతగా తెలియదు, తెలియాలి. 1918లో సికింద్రాబాద్ చిలకలగూడలో దళిత కుటుంబంలో పుట్టారు. టీచరుగా పనిచేస్తూ బిడ్డను పెంచుకున్నారు. ముందు తన వాడలో నిలబడి మునిసిపల్ కౌన్సిలర్‌గా గెలిచారు. నల్లా, మోరీ, వీధి దీపం, అక్కడినుంచి మొదలైంది ఆమె రాజకీయం. అంబేడ్కర్ బాటలో షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌లో, తర్వాత రిపబ్లికన్ పార్టీలో పనిచేశారు. 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. గమనించండి, చేతిలో పెద్ద పార్టీ లేదు, అధికార పక్షం కాదు, డబ్బున్న ఇల్లు కాదు.

ఒక్క మనిషి సభలో ఏం చేయగలరు అంటారు. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ని దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. కంచికచర్ల ఎక్కడ, ఎల్లారెడ్డి ఎక్కడ? ఆమె నియోజకవర్గంలో ఒక్క ఓటు కూడా దానివల్ల పెరగదు. అయినా ఆమె ఆ ఘోరాన్ని సభ ముందుకు తెచ్చి ప్రభుత్వాన్ని నిలదీశారు. 1969 తెలంగాణ ఉద్యమంలో ముందు నిలిచి జైలుకు వెళ్లారు. 1972లో మళ్లీ గెలిచారంటే, మా కోసం గొంతెత్తే మనిషి అని ఎల్లారెడ్డి జనం నమ్మారనే నేను అనుకుంటాను. కెరీర్ అని మీరు అడిగినదానికి నాకు తెలిసిన నికార్సయిన దారి ఇదే. వార్డులో పని, ఒక సంఘంలో పని, అక్కడినుంచి సభ. పోస్టరు మీద ఫొటోతో మొదలుపెట్టినవాళ్లను కూడా చాలామందిని చూశాను. వాళ్లకు రెండో ఎన్నిక దగ్గరే కాళ్లు తడబడతాయి, ఎందుకంటే ఊళ్లో ఎవరింటికి ఏ పనిమీద వెళ్లాలో తెలియదు.

పదవుల లెక్క కూడా ముందే తెలుసుకోండి. 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం మంత్రివర్గం సభ బలంలో 15 శాతానికి మించకూడదు. 119 మంది ఉన్న తెలంగాణలో ముఖ్యమంత్రితో కలిపి 18, 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో 26. అంటే గెలిచిన ప్రతి ఆరేడుగురిలో ఒక్కరికే ఆ కుర్చీ. మిగతావాళ్లంతా మా సార్ లాంటివాళ్లే. మంత్రి పదవి కోసమే వెళ్తే అయిదేళ్లూ అసంతృప్తితోనే గడుస్తాయి. మా సార్‌కు కూడా రెండో గెలుపు తర్వాత ఆశ ఉండేది. ప్రమాణస్వీకారం రోజు ఫోన్ పక్కనే కూర్చున్నారు. రాత్రి పదకొండు దాటాక "పడుకుందాం పదవయ్యా" అన్నారు. మర్నాడు ఆరింటికి మామూలుగానే వరండాలోకి వచ్చారు.

సభలో మన ఇష్టం వచ్చినట్టు ఓటు వేయలేం, అదీ గుర్తుంచుకోండి. 1985లో 52వ సవరణతో పదో షెడ్యూలు వచ్చింది. విప్‌ను, అంటే ఎలా ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరించి ఓటేసినా, చెప్పకుండా ఓటింగుకు రాకపోయినా సభ్యత్వం పోతుంది. పార్టీలు మారేవాళ్లను ఆపడానికి తెచ్చిన చట్టం అది. కానీ మారాలనుకున్నవాళ్లు మారుతూనే ఉన్నారు, స్పీకర్ నిర్ణయం నెలల తరబడి రాదు. మనస్సాక్షితో ఒక బిల్లును వ్యతిరేకించాలనుకునే సభ్యుడికి మాత్రం నోరు కట్టేసినట్టయింది. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. మా సార్ తన నియోజకవర్గ రైతులకు నష్టం చేసే ఒక బిల్లుకు చేయి ఎత్తిన రోజు సాయంత్రం క్వార్టర్స్‌లో అన్నం తినలేదు.

సభ మీద నమ్మకమే పోయినవాళ్లూ ఉన్నారు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి గారు 1952లో జైల్లో ఉండే పోటీ చేసి, అనంతపురంలో స్వయానా తన బావ నీలం సంజీవరెడ్డి గారిని ఓడించారు. తర్వాత అనంతపురం ఎంపీగా, పుట్లూరు ఎమ్మెల్యేగా, మళ్లీ అనంతపురం ఎమ్మెల్యేగా గెలిచారు. ఆఖరికి 1969లో, ఈ సభతో పేదవాడి బతుకు మారదని చెప్పి రాజీనామా చేసి బయటికి నడిచారు. ఆయన నిర్ణయంతో నేను ఏకీభవించను. కానీ గెలిచే సీటును, సభలో ఉన్న గౌరవాన్ని వదులుకుని వెళ్లిన మనిషి మాటను తేలిగ్గా తీసెయ్యలేం. సభలోకి వెళ్లాలనుకునేవాడు ఆయన ఎందుకు బయటికి వచ్చారో కూడా తెలుసుకుని వెళ్లాలి.

ఇక డబ్బు. కాగితం మీద లెక్క సులువే. 25 ఏళ్లు నిండాలి, రాష్ట్రంలో ఎక్కడో ఒకచోట ఓటరై ఉండాలి. డిపాజిట్ 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోతుంది. మన రాష్ట్రాల్లో అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. ఫలితాలు వచ్చిన 30 రోజుల్లోగా లెక్క అప్పగించాలి, ఇవ్వనివాళ్లపై మూడేళ్ల అనర్హత వేటు పడొచ్చు. గెలిచినవాళ్లు కాదు, ఓడిపోయి నీరసపడి లెక్క ఇవ్వడం మరిచిపోయిన చిన్న అభ్యర్థులే దీనికి ఎక్కువగా దొరికిపోతారు. మీరు లాయరు కాబట్టి కనీసం ఆ తప్పు చేయకండి. అసలు ఖర్చు ఆ పరిమితిని ఎన్ని రెట్లు దాటుతుందో మీ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. మా సార్ చివరి ఎన్నికకు ఆరెకరాల పొలం అమ్మారు. అప్పుడు ఆయన భార్య సంతకం పెడుతూ ఒక్క మాటా అనలేదు. ఆ మౌనాన్ని నేను మరిచిపోలేను.

జీతం సంగతి అంటారా, తెలంగాణలో 2016లో జీతభత్యాలు కలిపి నెలకు రెండున్నర లక్షలు చేశారు. బయటినుంచి చూస్తే ఎక్కువే. వచ్చినవాళ్లందరికీ టీ, డ్రైవరు, డీజిల్, పెళ్లిళ్ల సీజనులో రోజుకు పది శుభలేఖలు, చావు ఇంటికి వెళ్తే చేతిలో ఎంతో కొంత పెట్టడం, ఇవన్నీ పోను మా దగ్గర ఇరవయ్యో తారీఖుకే అప్పు మొదలయ్యేది. అక్కడే చాలామంది తప్పుదారి పడతారు. ఒక కాంట్రాక్టరు "ఈ నెల పెట్రోలు బిల్లు నేను చూసుకుంటా సార్" అంటాడు. ఆ ఒక్క నెల ఒప్పుకుంటే చాలు, తర్వాత అతని రోడ్డు గుంతల గురించి సభలో ప్రశ్న వేయలేరు.

డబ్బు లేనివాళ్లు గెలవరా అంటే గెలిచారు. ఇల్లందు నుంచి గుమ్మడి నర్సయ్య గారు 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో అయిదుసార్లు గెలిచారు. కోయ గిరిజన రైతు కుటుంబం. ఎమ్మెల్యేగా ఉండి కూడా ఆర్టీసీ బస్సులో తిరిగిన మనిషి. కానీ ఆయన వెనక ఊరూరా పనిచేసే పార్టీ ఉంది, పోడు భూముల కోసం ఏళ్ల తరబడి చేసిన పోరాటాలున్నాయి. డబ్బు లేకపోతే దాని చోట అలాంటి బలం ఉండాలి. డబ్బూ లేక, సంఘమూ లేక, మంచితనం ఒక్కటే పెట్టుబడిగా పోటీ చేసినవాళ్లు డిపాజిట్లు పోగొట్టుకోవడం నేను చాలాసార్లు చూశాను. మీలాంటి కుర్రవాళ్లకు అబద్ధపు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు.

ఇంటివాళ్ల గురించి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. సార్ కూతురు పదో తరగతి ఫలితాల రోజు ఆయన ఒక రోడ్డు ప్రమాదం జరిగిన ఊళ్లో, ఆసుపత్రి మార్చురీ దగ్గర ఉన్నారు. ఆ పిల్ల మార్కులు నాకు ఫోన్ చేసి చెప్పింది, నాన్నకు చెప్పమని. పండగ పూట ఇంట్లో కలిసి కూర్చుని భోంచేసిన సందర్భాలు నేనున్న ఇరవై రెండేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మీకు పెళ్లి కాకపోతే, చేసుకోబోయే అమ్మాయికి ఈ సంగతులన్నీ ముందే చెప్పండి.

ఓటమి గురించి. కౌంటింగ్ రోజు మధ్యాహ్నానికే హాలు బయట మన మనుషులు పలచబడటం మొదలవుతుంది. ఎవరూ చెప్పి వెళ్లరు. సాయంత్రానికి గన్‌మెన్ వచ్చి, "సార్, రిపోర్ట్ చేయమన్నారు" అని నిలబడతారు, వాళ్లకూ ఇబ్బందిగానే ఉంటుంది. మర్నాడు పొద్దున వరండాలో కుర్చీలన్నీ ఖాళీ. రోజుకు రెండు వందలసార్లు మోగిన ల్యాండ్‌లైన్ ఆ రోజు మూడుసార్లు మోగింది. అందులో ఒకటి రాంగ్ నంబరు. మొదటి ఓటమి తర్వాత సార్ దాదాపు నెల రోజులు గడప దాటలేదు. రాత్రిళ్లు నిద్ర లేదు, బీపీ పెరిగింది. ఓడిన నాయకుడి టెన్షన్ ఎన్నికల ముందు టెన్షన్ కన్నా ఎక్కువ, దాన్ని పంచుకోవడానికి మనిషి దొరకడు.

ఆ ఓటమి కాలంలోనే మన వాగు మీద వంతెన పూర్తయింది. ప్రశ్న వేసిన అయిదేళ్లకు. మధ్యలో రెండుసార్లు టెండరు పిలిస్తే ఎవరూ రాలేదు, పాత బిల్లులే రాలేదని కాంట్రాక్టర్లు భయపడ్డారు. ఆఖరికి కట్టారు. కొత్త ఎమ్మెల్యే గారు ప్రారంభించారు, శిలాఫలకం మీద ఆయన పేరు పడింది. మాకు ఆహ్వానం రాలేదు. నేను చాలా బాధపడ్డాను, కోపం కూడా వచ్చింది. సార్ మాత్రం పదిహేను రోజుల తర్వాత, వాన పడుతున్న ఒక సాయంత్రం, "అటు పోయొద్దాం" అన్నారు. వెళ్లేసరికి కింద వాగు ఎర్రగా పొంగి పారుతోంది. పైన బడి పిల్లలు గొడుగులు కూడా లేకుండా, పుస్తకాల సంచులు తలమీద పెట్టుకుని పరుగెడుతూ దాటుతున్నారు. ఆయన పది నిమిషాలు కారు దిగి రెయిలింగ్ పట్టుకుని నిలబడ్డారు. ఎవరో ఒక పిల్లవాడు గుర్తుపట్టి "నమస్తే సార్" అన్నాడు, అంతే. తర్వాతి ఎన్నికలో మేము గెలిచాం కానీ ఆ మూడు ఊళ్లలో మాకు మెజారిటీ రాలేదు. బూత్‌ల వారీ లెక్క నేనే వేశాను, కాబట్టి కచ్చితంగా చెప్పగలను. ఆ లెక్క చూపిస్తే సార్ చదివి, మడిచి నాకే ఇచ్చారు.

మీరేం చేయాలో చెప్పి ఆపుతాను. ఎమ్మెల్యే టికెట్ సంగతి పదేళ్లు పక్కన పెట్టండి. వచ్చే సోమవారం మీ కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లండి, ఆంధ్రప్రదేశ్ అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు, అదీ సోమవారమే. లోపలికి వెళ్లకుండా బయట చెట్టుకింద కూర్చోండి. అర్జీ రాయడం రానివాళ్లు అక్కడ మనిషి కోసం వెతుక్కుంటూ ఉంటారు, యాభయ్యో వందో ఇచ్చి రాయించుకుంటారు. మీరు ఊరికే రాసిపెట్టండి. రాసిన ప్రతిదానికీ మీ దగ్గర ఒక నకలు ఉంచుకోండి, నంబరు వేసి. మూడు నెలల తర్వాత వాళ్లకు ఫోన్ చేసి పని అయిందా అని అడగండి. కాకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు ఎలా పెట్టాలో మీకు లాలో చెప్పే ఉంటారు. ఏడాది తర్వాత ఆ నకళ్లన్నీ వరసగా చదవండి, మీ మండలం ఏమిటో తెలుస్తుంది. అప్పటికీ ఈ దారిలోకి రావాలనే ఉంటే నాకు మళ్లీ రాయండి. రిజిస్టరులో గడులు ఎలా గీసుకోవాలో చెబుతాను.